ఇస్పేటు రాణిని పారేసిన రోజు

ప్రొద్దుటూరులో మా క్లబ్బుకు ఇప్పటికీ ఆదివారం మధ్యాహ్నం రెండు గంటలకు వెళ్తాను. వెళ్లకుండా ఉండలేను, వెళ్లి నెమ్మదిగా కూర్చోనూ లేను. నా ఎదుటి కుర్చీలో ఇప్పుడొక బ్యాంకు మేనేజరు కూర్చుంటాడు. మంచివాడు, బుద్ధిగా ఆడతాడు. కానీ ఎవరి చేతిలోంచైనా ఇస్పేటు రాణి బల్ల మీద పడిందంటే చాలు, ఆ కుర్చీలో మేనేజరు కనబడడు. మా అన్న కనబడతాడు. తెల్ల చొక్కా, ఊడిపోయిన పై గుండీ, ఛాతీకి ఆనించి పట్టుకున్న ముక్కలు, కొంచెం తెరిచిన నోరు. ఏదో అనబోతున్నట్టే ఉంటాడు. అనడు.

నేను దయ్యాలను నమ్మే మనిషిని కాను. ముప్పై ఏళ్లు జూనియర్ కాలేజీలో లెక్కలు చెప్పినవాణ్ణి. అయినా ఆ క్షణంలో ఆట మరిచిపోతాను. "ఏం సార్, మీరే వేయాల" అని పక్కవాళ్లు గుర్తు చేస్తే గానీ ముక్క వేయలేను.

మాది పులివెందుల దగ్గర ఒక పల్లె. అన్న నాకంటే ఆరేళ్లు పెద్ద. మాకు పేక నేర్పింది మా నాయన. శనక్కాయలు ఒలిచే దినాల్లో వసారాలో తురుపాట సాగేది. ఆ ఆటలో మా ఊరికొక కట్టుబాటు ఉండేది. ఎదుటివాడు తురుపు కొట్టినప్పుడు నీ దగ్గర అంతకంటే పెద్ద తురుపు ఉంటే వేసి తీరాలి. ఉంచుకుని వేయకపోతే దొంగాట. చిన్న ముక్కతో పోయేదానికి పెద్ద ముక్క పారేసుకుంటే వాణ్ణి వారం రోజులు ఎగతాళి చేసేవాళ్లు. ఇక ఓడిపోయామని తెలిస్తే ముక్కలన్నీ వెల్లకిలా బల్ల మీదికి విసిరి లేచిపోవడమే మగతనం. "దెబ్బకు పైదెబ్బ వేయనోడు మనిషేనా?" అనేవాడు నాయన. ఆ మాట నా ఒంటికి పట్టినంతగా అన్న ఒంటికి పట్టలేదు.

బ్రిడ్జి ఆట మాకు చాలా ఆలస్యంగా వచ్చింది. నాకు ప్రొద్దుటూరులో ఉద్యోగం వచ్చాక, ఎర్రగుంట్ల వైపు సిమెంటు ఫ్యాక్టరీలో పనిచేసే ఒక ఇంజినీరు ఆ క్లబ్బులో ఆట మొదలుపెట్టాడు. కోస్తా మనిషి. మా మాట వింటే ఆయనకు మేము ఎప్పుడూ కొట్లాడుకుంటున్నట్టు అనిపించేదట. జోడీ లేక నేను తిప్పలు పడుతుంటే అన్నను పిలిపించాను. చీనీ తోట, అదే బత్తాయి తోట, పనులు చూసుకుని, పొద్దున్నే బస్సెక్కి పులివెందుల నుంచి వచ్చేవాడు. పదో తరగతి కూడా దాటని మనిషి, ఆరు నెలల్లో నన్ను మించిపోయాడు. నాకు ఒళ్లు మండేది.

బ్రిడ్జిలో ఎదురెదురుగా కూర్చున్న ఇద్దరూ జోడీ. నలుగురూ తలా ఒక ముక్క వేస్తే ఒక పట్టు. ఇన్ని పట్లు పడతామని పాట పాడి గెలిచినవాడు ఆడతాడు, వాడి జోడీ తన ముక్కలను బల్ల మీద పరుస్తాడు, మిగిలిన జోడీ ఆ ఆటను అడ్డుకోవాలి. అడ్డుకునేవాళ్లకు పెద్ద ముక్కలు తక్కువ. అందుకే ఇంజినీరు మాకు ఒక ఆదివారమంతా ఒక్కటే చెప్పాడు. లేని తురుపు పట్టును ఎలా పుట్టించుకోవాలో చెప్పాడు.

"అవతలివాడు పెద్ద తురుపు కొట్టాడనుకోండి, మీ దగ్గర ఇంకా పెద్దది ఉందనుకోండి, వెంటనే వేయకండి. ఊరుకోండి. వాడి పెద్దవి అయిపోయాక మీ చిన్నది పెద్దదవుతుంది" అన్నాడు. నేను నవ్వాను. "ఉండేది ఏయకుండా దాపెట్టుకుంటే అది దొంగాట గదా సార్" అన్నాను. ఆయన నవ్వి రెండోది చెప్పాడు. "ఇది ఇంకా కష్టం. మీరే పెద్ద తురుపు కొట్టండి, వాడు దానికంటే పెద్దది పెట్టి చంపుతాడని తెలిసే కొట్టండి. మీ ముక్క చస్తుంది. కానీ వాడిది కూడా ఒక పెద్దది ఖర్చయింది కదా. అప్పుడు మీ జోడీ చేతిలో ఉన్న చిన్న తురుపు బతుకుతుంది."

"రాణిని చేజేతులా పారేసుకునేదానికి మాకేమన్నా పిచ్చా?" అన్నాను నేను.

 అన్న ముక్కలు చేతిలోకి తీసుకుని, ఇంజినీరు పరిచి చూపిన నాలుగు చేతులనూ మళ్లీ పరిచాడు, మళ్లీ ఎత్తాడు, మళ్లీ పరిచాడు. చివరికి "బాగుండాది సార్ ఇది" అన్నాడు. అంతే.

మా ఇద్దరికీ మాటలు పోయింది చీనీ చెట్ల దగ్గర.

నాయన నాటిన తోట అది. ఆయన పోయాక గెనెం, అంటే నడిమి గట్టుకు, అటు సగం అన్నది, ఇటు సగం నాది. బోరు మాత్రం ఒకటే, రెండు తోటల నడుమ. నా సగాన్ని గుత్తకిచ్చి నేను ప్రొద్దుటూరులో ఉండేవాణ్ణి. ఒక కరువు ఎండాకాలం ఏదో పెళ్లికి పోతూ బస్సు కిటికీలోంచి చూస్తే, రోడ్డు వైపు ఉన్న అన్న తోట లేదు. చెట్లన్నీ కొట్టేసి ఉన్నాయి. మొద్దులు మాత్రం వరసగా నిలబడి ఉన్నాయి. దిగి పరుగెత్తాను. అన్న గెనెం మీద కూర్చుని ఉన్నాడు.

"నాయన పెట్టిన చెట్లు! కాయ కాచే చెట్లు! నన్నొక మాట అడగాలనిపించలేదా నీకు?" అని అరిచాను.

"నావి నేను కొట్టుకున్న్యా" అన్నాడు.

 నా నోటికి ఏదొస్తే అది అన్నాను, ఇక్కడ రాయలేను. నాయన చచ్చి బతికిపోయాడు అన్నాను. అన్న తల ఎత్తలేదు. ఆ రోజు నుంచి మాకు మాటల్లేవు. మా వైపు మాటల్లేవంటే మాటల్లేవే. పెళ్లికి పిలవరు, బస్సులో పక్క సీటు ఖాళీగా ఉన్నా కూర్చోరు. చావుకు మాత్రం పోతారు.

నా తోట ఆ కరువులో ఎట్లా బతికిందో నేను ఒక్కనాడూ అడగలేదు. బతికింది కదా, చాలనుకున్నాను. ఆ తోట మీద వచ్చినదానితోనే ప్రొద్దుటూరులో ఇల్లు కట్టుకున్నాను. గృహప్రవేశానికి అన్నను పిలవలేదు.

విచిత్రం ఏమిటంటే, చెట్ల దగ్గర గొడవైన మరుసటి ఆదివారం కూడా అన్న క్లబ్బుకు వచ్చాడు. వచ్చి నా ఎదుటి కుర్చీలో కూర్చున్నాడు. నేను లేవబోయాను. ఇంజినీరు నా భుజం నొక్కి కూర్చోబెట్టాడు. "ఈ ఆటలో జోడీతో మాట్లాడకూడదనే కదండీ రూలు. మీ ఇద్దరికీ ఇంతకంటే అనుకూలమైన ఆట ఎక్కడ దొరుకుతుంది?" అన్నాడు. అందరూ నవ్వారు. మేము నవ్వలేదు.

అలా ఏడేళ్లు ఆడాం. "ఒక ఆఠీను", "రెండు ఇస్పేట్లు", "పాస్". ఇవి తప్ప అన్న గొంతులో నేను ఇంకొక మాట వినలేదు. కానీ ముక్కలతో మాట్లాడుకునేవాళ్లం. అన్న ముందు ఎనిమిది వేసి తర్వాత మూడు వేస్తే, ఈ రంగులో నా దగ్గర ఇంక లేవు, మళ్లీ ఇదే వెయ్యి అని అర్థం. ముందు మూడు వేస్తే వద్దని అర్థం. ఏడేళ్లలో ఒక్కసారి కూడా అన్న నాకు అబద్ధం చెప్పలేదు. ఆట అయ్యాక ఆయన పులివెందుల బస్సుకు, నేను ఇంటికి. రానూపోనూ అంతంత దూరం ప్రయాణం చేసి ఆ మనిషి దేనికొస్తున్నాడని నేను ఎన్నడూ ఆలోచించలేదు. ఆటపిచ్చి అనుకున్నాను. నా మొహం మండ, ఆటపిచ్చి అనుకున్నాను!

ఆ రోజు జమ్మలమడుగులో పందెం. వాళ్ల క్లబ్బుకు, మా క్లబ్బుకు ఏటా జరిగేదే. ఫ్యాన్లు వేడి గాలిని తిప్పుతున్నాయి. ఆఖరి ఆట మీద గెలుపోటములు తేలాలి. పాట గెలిచింది నాకు కుడివైపు కూర్చున్న ఒక వృద్ధ వకీలు. తురుపు ఇస్పేటు. నాలుగు పట్లు మేము పట్టామంటే ఆయన ఓడినట్టు.

ఆఠీను ఆసు వేశాను, వచ్చింది. ఆఠీను రాజు వేశాను, వచ్చింది. అన్న ముందు ఎనిమిది, తర్వాత మూడు వేశాడు. ఆయన దగ్గర ఇంక ఆఠీన్లు లేవన్నమాట. డైమాను ఆసు కూడా వేసి పట్టు తెచ్చుకున్నాను. మూడయ్యాయి. ఇంకొక్కటి. నా చేతిలో తురుపులు రెండే, జాకీ, మూడు. వకీలు దగ్గర ఆసు, రాజు ఉంటాయని పాటలోనే తెలిసిపోయింది. ఆయన ఆ రెండూ వేస్తే నా జాకీ రాలిపోతుంది. ఇక మిగిలింది అన్న తురుపు కొట్టడమే. మూడోసారి ఆఠీను వేశాను.

అన్న చాలాసేపు ఆలోచించాడు. అంతసేపు ఎప్పుడూ ఆలోచించడు. తర్వాత మెల్లగా ఇస్పేటు రాణిని తీసి బల్ల మీద పెట్టాడు.

వకీలు దగ్గర కూడా ఆఠీన్లు లేవు. ఆయన ఒక నిట్టూర్పు విడిచి రాజుతో ఆ రాణిని చంపాడు.

 మా ఊరి వసారా, నాయన ఎగతాళి, కొట్టేసిన చీనీ చెట్లు అన్నీ ఒక్కసారే మీద పడ్డాయి. చిన్న తురుపుతో కొట్టి చూడాల్సిన చోట రాణిని పారేశాడే! కావాలనే చేశాడు, నన్ను పదిమందిలో ఓడించడానికే చేశాడు అనిపించింది. ఏడేళ్ల తర్వాత మా అన్నతో నేను మాట్లాడిన మొదటి మాట ఇది.

"చెట్లు కొట్టేసినోనికి రాణి ఒక లెక్కనా! కానీ, అంతా పాడు చెయ్!"

అని చేతిలో ముక్కలన్నీ వెల్లకిలా విసిరేశాను. "మీదే ఆట వకీలు సార్, తీసుకోండి."

గదిలో అందరూ మా బల్ల వైపు తిరిగారు. బ్రిడ్జిలో ఒకడు ఆట వదిలేసుకుంటే సరిపోదు. జోడీ వద్దంటే ఆట సాగాల్సిందే. పందేనికి పెద్దగా ఉన్న మా ఇంజినీరు లేచి వచ్చి అన్నను అడిగాడు. "మీరు ఒప్పుకుంటారా? అభ్యంతరం ఉంటే ఇప్పుడే చెప్పాలి."

అన్న బల్ల మీద పడి ఉన్న నా ముక్కలను చూశాడు. తర్వాత నన్ను చూశాడు. నోరు తెరిచాడు. అదే, ఆ ముఖమే నాకు ఇప్పటికీ కనబడేది. నేను చూపు తిప్పుకున్నాను.

"అభ్యంతరం లేదు" అన్నాడు అన్న.

తన చేతిలో మిగిలిన ముక్కలను సర్ది, బోర్లా పెట్టి, చెప్పులేసుకుని బయటికి నడిచాడు. వకీలు గబగబా ముక్కలన్నీ కలిపేశాడు. కలుపుతూ నా వైపు చూడలేదు, తలుపు వైపు చూశాడు. ఎందుకు చూశాడో అప్పుడు నాకు తెలియదు.

నెల తిరగలేదు. ఒక పొద్దున ఫోను వచ్చింది. బోరు స్టార్టరు డబ్బా దగ్గర పడిపోయాడట, ఆసుపత్రికి చేర్చేలోపే పోయాడట. ముద్దనూరు మీదుగా బస్సులో పోతున్నంతసేపూ నాకు ఏడుపు రాలేదు. చావుకు పోతున్నాను, మాటల్లేకపోయినా చావుకు పోవచ్చు అని మనసులో అనుకుంటూనే ఉన్నాను. మనిషిని చూశాక వచ్చింది. నోరు మూసి గడ్డం కింద గుడ్డ కట్టారు. ఆ గుడ్డ విప్పాలనిపించింది నాకు.

పెద్దదినం నాడు, కర్మ అయి అందరూ తిని వెళ్లాక వదిన నా దగ్గరికి వచ్చి కూర్చుంది. ఆమెకు పేకాట తెలియదు, ఎన్నడూ ముక్క ముట్టుకోలేదు.

"అప్పా, జాకీ అంటే ఏంది?" అని అడిగింది.

"ఎందుకు వదినా?"

"జమ్మలమడుగు నుంచి వచ్చినాక అన్నం తినలా. వాకిట్లో కూచోని ఒకటే మాట అంటాండె. వాని జాకీ పెద్దదైపోయింది, వాడు చూసుకోలా, ఇసిరేసె అని. జాకీ అంటే యాదన్నా మిషనా అనుకున్న్యా నేను."

 సంచిలోంచి పేక తీశాను. ఎప్పుడూ ఉంటుంది నా సంచిలో. ఆ వాకిట్లోనే, చూసినవి గుర్తు తెచ్చుకుని, చూడనివి లెక్కకట్టి నాలుగు చేతులూ పరిచాను. వకీలుకు ఆసు, రాజు, పది, తొమ్మిది, ఎనిమిది, ఏడు. అన్నకు రాణి, రెండు. నాకు జాకీ, మూడు. మిగిలిన చిన్నవి మూడూ వకీలు జోడీకి. అన్న రెండుతో కొట్టి ఉంటే వకీలు ఏడుతో చంపి, ఆసు రాజు వరసగా లాగితే రాణి, జాకీ రెండూ రాలిపోతాయి. అన్న రాణితో కొట్టాడు. దాన్ని చంపడానికి వకీలుకు రాజు ఖర్చయింది. ఇక ఆసు ఒక్కటే ఉంది. ఆ ఆసుకు నా మూడు పోతుంది. జాకీ మిగులుతుంది. ఆయన దగ్గర ఇక దాన్ని కొట్టే ముక్క లేదు.

నాలుగో పట్టు నా చేతిలో ఉంది. ఆట మాదే. ఓడిపోయిందనుకుని విసిరేసిన ముక్కల్లోనే ఉంది. లెక్కల మాస్టరును! పదమూడు తురుపులు లెక్కపెట్టలేకపోయాను.

"రాణిని నాకోసం పారేసినాడు వదినా. నేను గుర్తుపట్టలేదు" అన్నాను. 

ఆమె ముక్కల వైపు చూడలేదు. చీర కొంగు సర్దుకుంటూ, మామూలు సంగతి చెప్పినట్టు చెప్పింది.

"చెట్లూ అంతే గదప్పా. ఆ యేడు బోరు సగమే పోస్తాండె. రెండు తోటలకూ పెడితే రెండూ చస్తాయి, వాని తోటన్నా బతకనీ అని మనవి కొట్టిచ్చినాడు. నేను తిట్టినా ఇనలా. తమ్మునికి చెప్పు అంటే, చెప్తే నీళ్లు పంచుకుందాం అంటాడు, అప్పుడు రెండూ పోతాయి అన్న్యాడు."

"ఇన్నేళ్లూ ఎవరూ నాకు చెప్పలేదే!"

"నీకు మాతో మాటల్లేవు గదప్పా" అంది వదిన.

 అన్న నన్ను పట్టించుకోకుండా చెట్లు కొట్టాడని కదా ఏడేళ్లు పళ్లు నూరాను. నా ఇంటి గోడలు ఆ నీళ్లతో లేచాయి. నేను తిట్టిన ప్రతి తిట్టూ గెనెం మీద కూర్చుని విన్నాడు, ఒక్కదానికీ పైదెబ్బ వేయలేదు. జమ్మలమడుగులోనైనా ఆ ఒక్క అభ్యంతరం ఎందుకు చెప్పలేదు? పదిమందిలో నా తప్పు బయటపడుతుందనా? లేక అప్పటికి విసిగిపోయాడా? అన్న అలా విసిగిపోయి వెళ్లిపోయాడేమో అన్నదే నన్ను తినేసేది. ఇంజినీరును అడిగాను. ఆయన, "మీ ఇద్దరిలో ఎవరు ఒక్క మాట అన్నా చాలేది కదండీ ఆ రోజు" అని మాత్రం అన్నాడు. ఇప్పుడు చిన్నప్పటి నుంచి అన్న చేసిన ప్రతి పనినీ తిరగేసి చూస్తుంటాను. ఇంకా ఎక్కడెక్కడ రాణులు పారేశాడో నాకు తెలియదు. అడగడానికి మనిషి లేడు.

ఆ మొద్దులను అన్న పీకించలేదట. పీకించి శనగ వేసుకుందామని వదిన అంటే, "నీళ్లు పెరిగితే చిగురేస్తాయిలే" అనేవాడట. రిజర్వాయరుకు నీళ్లు వచ్చాక మా వైపు బోర్లు పెరిగిన మాట నిజమే. అప్పటికే ఆలస్యమైంది, మొద్దులు ఎండి నెరలు విచ్చాయి.

పోయిన శనివారం తోటకు వెళ్లాను. గుత్త మనిషి నా చెట్లకు నీళ్లు పెట్టుకుంటున్నాడు. కాయలు బాగా దిగాయి. స్టార్టరు డబ్బా ముందు కాసేపు నిలబడ్డాను. మోటారు మోతలో ఎవరో గొంతు సవరించుకున్నట్టు అనిపించి వెనక్కి తిరిగాను. ఎవరూ లేరు. వంగి నా వైపు వాల్వు కట్టేశాను. అన్న వైపుది తుప్పు పట్టి తిరగలేదు. రాయి పెట్టి కొట్టి, రెండు చేతులతో తిప్పాను. ముందు ఎర్రటి నీళ్లు, తర్వాత తెల్లవి, ఏళ్లుగా తడి ఎరగని పాదుల్లోకి పారాయి.

వదిన పైట తలకు చుట్టుకుని పరుగున వచ్చింది. "ఏందప్పా, కాసే చెట్లను ఎండబెట్టి మొద్దులకు పెడతాండావు?"

"ఈపొద్దు అన్న వంతు వదినా" అన్నాను.